నిలువుటంగీ అంచు

చిన్నపరెడ్డికి వచ్చిన కష్టం లాటిన్‌తో కాదు. లాటిన్ వాడికి నోట్లో బెల్లంముక్క. కష్టమంతా యాగప్పతో వచ్చిపడింది.

చర్చిల్లో పూజలన్నీ లాటిన్‌లోనే జరిగే కాలమది. పల్నాటి శివార్లలో, నాపరాతి గోడల మధ్య ఉన్న గురువిద్యాలయంలో, చర్చి గురువులు కాబోయే కుర్రాళ్లకి ఇన్నాసి స్వామి ఆ భాష నేర్పేవాడు. బాగా పెద్దవాడు. పిడికెడంత మనిషి. కోపం రాదు, వచ్చినా పైకి కనబడదు. మర్నాడు మేత్రాణులవారు, అంటే ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పెద్ద, విద్యాలయం చూడటానికి వస్తున్నారు. ఆయనకి లాటిన్‌లో స్వాగతం చదవాలి. రాసింది చిన్నపరెడ్డే. తీరా చదవడం దగ్గరికి వచ్చేసరికి స్వామి ఒక మాట అన్నాడు.

"నువ్వూ యాగప్పా కలిసి చదవండిరా. ఒకటే కాగితం, చెరో అంచూ పట్టుకుని."



ఇద్దరిదీ ఒకే ఊరు, వాగు అవతలి కొమ్మలపాడు. చిన్నపది రెడ్ల వీధి, యాగప్పది మాలపల్లె. ఆ ఊళ్లో చర్చి ఒక్కటే, దేవుడూ ఒక్కడే. కూర్చునే చోట్లు మాత్రం రెండు, మధ్యలో వెదురు దడి. తాతల నాటి దడి, ఏటేటా కొత్త వెదురు వేసి మరీ నిలబెడుతున్నారు. విద్యాలయంలో ఆ గొడవ లేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకే చాప మీద చదివారు. నిజం చెప్పాలంటే చిన్నపకి యాగప్ప అంటే ఇష్టమే. కానీ రేపు కొమ్మలపాడు నుంచి బండ్లు కట్టుకుని జనం వస్తారు. పెదనాన్న శౌరెడ్డి ముందు వరసలో కూర్చుంటాడు. గుంటూరులో కుట్టించి ఆయన పంపిన కొత్త నిలువుటంగీ, మడమలు దాటి నేలను ఊడ్చే అంగీ, వాడి ఒంటి మీద చూసుకోవాలని ఆయన ముచ్చట. ఆ అంగీ పక్కన యాగప్ప! ఇద్దరి చేతుల్లో ఒకే కాగితం! అందరూ చూస్తారు. పొద్దుట్నుంచీ చిన్నప మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం పాఠం సమాసాలు. సమాసాలు చెప్పడానికి స్వామి దగ్గర ఒక పద్ధతి ఉంది. తాటాకు ముక్కల మీద ఒక్కో నామవాచకం రాసి పెట్టుకుంటాడు. పక్కన దారపుండ, చిన్న కత్తి. ఆ కత్తి ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది.

"లాటిన్ మాటకి చివర తోక ఉంటుంది," అన్నాడు స్వామి. "మన విభక్తి లాంటిది. ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తోందో తోక చూస్తే తెలుస్తుంది. కాప్రా అంటే మేక. కొర్ను అంటే కొమ్ము. ఈ రెంటినీ కలపాలి. ఎట్లా?"

కాప్రా అని రాసిన ఆకు తీసి, చివరి 'ఆ' ఉన్నంత మేర కత్తితో కోసేశాడు. కోసిన చోట కొర్ను ఆకు ఆనించి దారంతో ముడేశాడు.

"ఈ దారమే 'ఇ'. కప్రికొర్నుస్. మేకకొమ్ముల వాడు. మనం మకరరాశి అంటామే, వాళ్లకి అది ఈ మేకే. ముందు మాట తోక వదులుకుంటుంది. మధ్యలో 'ఇ' కట్టు కడుతుంది. వెనక మాట ఇద్దరి తరఫునా తోక మోస్తుంది. మనకి మాత్రం లేదూ? రాముడి బాణం రామబాణం అయినప్పుడు ఆ 'డి' ఎక్కడికి పోయింది?"

యాగప్ప ఇంకో జత తీసుకున్నాడు. ఔరుమ్ అంటే బంగారం, కోమా అంటే జుట్టు. 'ఉమ్' కోసేసి, ముడేసి చదివాడు. "ఔరికొముస్. బంగారు జుట్టువాడు."

"మన స్వామి కాదులే," అన్నారెవరో వెనక నుంచి. స్వామి తన బట్టతల నిమురుకుని అందరికంటే ముందు నవ్వాడు.

చిన్నప నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"సామీ, పాతెర్ ఫమీలియాస్ ఉందిగా, ఇంటిపెద్ద. అక్కడ రెండు మాటలూ ఎవరి తోకతో వాళ్లు నిలబడ్డాయి. పక్కపక్కనే ఉన్నాయి, పనీ జరిగిపోతోంది. అన్నీ అట్లానే ఉంటే ఏం పోయింది?"

"అవి పక్కన నిలబడ్డాయి, నిజమే," అన్నాడు స్వామి. "కలవలేదు."

"కలవకపోతే ఏం? తోక కోసేశాక ఆ మాటకి మిగిలేదేంటి సామీ? అది ఎవరిదో, ఏ ఇంటిదో ఎట్లా తెలుస్తుంది?"

గొంతు కొంచెం పెద్దదయింది. వాడు అడిగేది లాటిన్ గురించి కాదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. యాగప్ప తల వంచుకుని, చేతిలో ఉన్న ఆకుని ఇటూ అటూ తిప్పుతున్నాడు.

స్వామి ఏదో చెప్పబోయాడు. అంతలో గుమ్మంలో ఒక మనిషి, నడుం దాకా తడిసిన పంచెతో.

"సామీ, మదలేనమ్మకి బాగా లేదు. పొద్దుగూకేదాకా ఆగేట్టు లేదు. సామిని పిలవమంటంది."

మదలేనమ్మ యాగప్ప తల్లి. వాడి చేతిలోంచి ఆకు జారిపోయింది.

"వాగెట్లా ఉంది?" అన్నాడు స్వామి.

"నేనొచ్చేప్పుడు తొడల్లోతు. పైన వాన పడ్డది సామీ, పెరుగుతా ఉంది." అతను అరుగు మీద కూలబడి, బెణికిన చీలమండ పట్టుకున్నాడు. తిరిగి నడిచే స్థితిలో లేడు.

చనిపోయే వాళ్లకి దారిబత్తెంగా సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే చిన్న అప్పం, ఇవ్వాలి. అది అందకుండా పోవడం కంటే పెద్ద భయం ఆ ఊళ్లలో లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రసాదపు భరిణ గుండెలకి ఆనించుకుని బయల్దేరిన గురువు, అది అందించేదాకా దారిలో ఎవరితోనూ మాట్లాడడు. ముందు ఒకడు గంట మోగిస్తూ నడుస్తాడు. ఆ గంట విన్నవాడు రాజైనా కూలివాడైనా మోకాళ్లూని తల వంచాలి.

"యాగప్పా, నడువు. చిన్నపా, గంట తీసుకో."

"సామీ, రేపటికి నేను..."

అప్పటికే స్వామి చర్చిలోకి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి వెండి భరిణ ఉన్న పట్టుసంచీ ఆయన మెడలో ఉంది, నోరు మూసి ఉంది. ఇంక ఎవరితో వాదించాలి? ప్రసాదం వెంట నడిచేవాడు అంగీలో ఉండాలి. చిన్నప పాతది చాకలికి వెళ్లింది. కొత్తదే తొడుక్కున్నాడు.

దారి పొడుగునా అంగీ అంచు ముళ్లకి తగులుకుంటూనే ఉంది. చిన్నప ఒక చేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని, ఒక చేత్తో గంట కొడుతూ నడిచాడు. వెనక స్వామి, ఆయన మోచెయ్యి పట్టుకుని యాగప్ప. వాగు దగ్గర పడుతుండగా చిన్నప నెమ్మదించి గొంతు తగ్గించాడు.

"యాగప్పా, అవతల మావోళ్లు ఉంటారు. ఒడ్డెక్కాక నువ్వు కాస్త వెనకగా రా."

స్వామి వింటున్నాడని వాడికి తెలుసు. మాట్లాడడనీ తెలుసు.

"ఊ," అన్నాడు యాగప్ప. ఆ మాట వాడి చెవిలోకి పోయిందో లేదో. వాడి కళ్లు వాగు మీదే ఉన్నాయి.

వాగు ఎర్రగా, నురగలు కక్కుతూ పారుతోంది. నడుం దాటిన లోతు. అవతలి ఒడ్డున నలుగురైదుగురు నీళ్లు చూస్తూ నిలబడ్డారు. వాగొస్తే చూడటానికి ఊరంతా వస్తుంది, అదో వేడుక. తెల్ల తలపాగా మనిషి శౌరెడ్డి. చిన్నపకి ఇక్కణ్ణించే గుర్తు తెలిసింది.

ముసలాయన ఆ నీళ్లలో నిలబడలేడు. ఇద్దరూ కలిసి చేతుల పీట వేయాలి. కిందుగా చెయ్యీ చెయ్యీ కలిపి, పైన ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేస్తే మధ్యలో మనిషి కూర్చుంటాడు. యాగప్ప ఎడంచెయ్యి చాచాడు. చిన్నప అవతలి ఒడ్డు వైపు చూశాడు. కుడిచేతి అంగీ గుడ్డని వేళ్లు కప్పేదాకా కిందికి లాగి, ఆ గుడ్డ మీదుగా యాగప్ప చెయ్యి పట్టుకున్నాడు.

స్వామి చూశాడు. కూర్చున్నాడు. ఒక చెయ్యి భరిణ మీద.

నాలుగడుగులు బాగానే వేశారు. చిన్నప మెడలో కట్టిన గంట, ఎద్దు మెడలో గంటలాగా, అడుగడుక్కీ మోగుతోంది. వాగు నడిమికి వచ్చేసరికి గుడ్డ తడిసి చేపలా జారడం మొదలెట్టింది. అదే సమయానికి నీళ్లలో ఉబ్బిన అంగీ అంచు చిన్నప రెండు కాళ్లకీ చుట్టుకుంది. వాడు తూలాడు. చెయ్యి జారిపోయింది. స్వామి ఒక పక్కకి ఒరిగి మొల దాకా నీళ్లలో పడ్డాడు. భరిణ మాత్రం తలకంటే పైకెత్తి పట్టాడు. యాగప్ప ఆయన్ని నడుం దగ్గర వాటేసుకుని, "చిన్నపా! చిన్నపా!" అని కేక పెట్టాడు.

ఎట్లా వెనక్కొచ్చారో చిన్నపకి తెలీదు. ఇవతలి ఒడ్డున ఇసకలో కూలబడ్డారు. స్వామి పట్టుసంచీ తడిమి చూసుకున్నాడు. తడవలేదు. యాగప్ప ఏడుస్తున్నాడు, వాగు అవతలికి చూస్తూ. పొద్దు తాటితోపు మీదికి వాలుతోంది.

చిన్నపకి సిగ్గేసింది. భయమేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా. "సామీ, నేను అడిగేది..." అన్నాడు. స్వామి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

తర్వాత జేబులోంచి కత్తి తీశాడు.

చిన్నప ముందు మోకాళ్ల మీద కూర్చుని, గుంటూరు అంగీ అంచు పట్టుకుని, మోకాళ్ల కిందుగా ఒక్క గాటు పెట్టాడు. కత్తి గుడ్డ వెంట చుట్టూరా తిరిగింది. తాటాకు కోసినంత నిదానంగా కోశాడు. నేలనూడ్చే అంచంతా పొడుగాటి పీలికై ఆయన చేతికొచ్చింది. ఆ పైన చిన్నప కుడిచేతి గుడ్డని మోచేయి దాకా మడిచాడు. ఆ మణికట్టూ యాగప్ప ఎడమ మణికట్టూ దగ్గరికి తెచ్చి, చర్మానికి చర్మం ఆనించి, ఆ పీలికతో చుట్టలు చుట్టి ముడేశాడు. గట్టి ముడి. ముడి మీద ఒకసారి తట్టి, ఏమీ జరగనట్టే నీళ్ల వైపు చూశాడు.

ఈసారి ఎవరూ జారలేదు. నీళ్లు తోస్తున్నాయి, కాళ్ల కింద రాళ్లు కదులుతున్నాయి. యాగప్ప తూలితే చిన్నప ఆపాడు. చిన్నప తూలితే ముడి ఆపింది. యాగప్ప చెయ్యి వణకడం వాడికి తన చేతిలోనే తెలుస్తోంది. ఆ వణుకు చలికి కాదు. వాడిని అన్నేళ్లు పక్కన పెట్టుకుని చదివాడు గానీ, వాడికి అమ్మంటే ఎంత ప్రాణమో చిన్నపకి ఆ క్షణం దాకా తట్టలేదు.

ఒడ్డెక్కారు. స్వామి దిగాడు. ఒడ్డున ఉన్నవాళ్లు ప్రసాదం చూసి మోకాళ్లూనారు. శౌరెడ్డీ ఊనాడు. మోకాళ్ల మీద ఉన్న మనిషికి ఆ ముడి సరిగ్గా కళ్లెదురుగా వచ్చింది.

"ఏందిరా ఇది?" అన్నాడు, గొంతు పైకి రానీయకుండా. "వాగంటే వాగు. దాటారుగా. ముడిప్పెయ్."

చిన్నప ముడి వంక చూశాడు.

"చిన్నపా, నీకే చెప్పేది. ఊళ్లోకి అట్లాగే పోతావా? నలుగురూ చూస్తార్రా! రేపు మన వీధిలో తలెత్తుకునేది ఎట్లా?"

స్వామి ఆగాడు. ఆయన మాట్లాడకూడదు. కత్తి తీసి, పిడి చిన్నప వైపు తిప్పి, పట్టుకుని నిలబడ్డాడు.

చిన్నప ఎడంచేత్తో కత్తి అందుకున్నాడు. దాని పదును వాడికి తెలుసు. ఒక్క లాగు చాలు. పెదనాన్న మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్లు తిప్పిన మనిషి. చదువుకి పంపిన మనిషి. చెడ్డవాడు కాడు, వాడికి ఆయనంటే ప్రేమే, అదే వచ్చిన చిక్కు.

"కోసెయ్ చిన్నపా," అన్నాడు యాగప్ప. వాడి గొంతులో నిష్ఠూరం లేదు. "నేనేం అనుకోను. తొందరగా పోదాం, అంతే."

చిన్నప కత్తిని జేబులో వేసుకున్నాడు. అదే చేత్తో మెడలోని గంట పట్టుకుని మోగించాడు.

గంట మోగితే ప్రసాదం కదిలినట్టు. తల వంచాలి. బుద్ధెరిగిన నాటి నుంచీ శౌరెడ్డి ఆ గంటకి తల వంచుతూనే ఉన్నాడు. తెల్ల తలపాగా ఒక్క క్షణం నిటారుగా నిలబడి, నెమ్మదిగా కిందికి వంగింది.

వాళ్లు రెడ్ల వీధి మీదుగానే వెళ్లారు. పల్లెకి అదే దగ్గర దారి. చిన్నప చెయ్యి ఆపకుండా గంట కొడుతూనే ఉన్నాడు. అరుగుల మీద ఉన్నవాళ్లు లేచి మోకాళ్లూనారు. వాళ్ల కళ్లు ముడి మీద పడటం, తలలు వంగడం, దాటి పోయాక వెనక గుసగుసలు రేగడం, అన్నీ వాడికి తెలుస్తున్నాయి. చెవులు వేడెక్కిపోయాయి. మోకాళ్ల కింద తెగిన దారాలు వేలాడుతున్నాయి. కొత్త పెళ్లికొడుకులా రావలసిన వాడు దిష్టిబొమ్మలా వస్తున్నాడు. గంట మాత్రం ఆపలేదు.

మదలేనమ్మ నులకమంచం మీద ఉంది. ఎవరో కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. గంట చప్పుడు వాగు దగ్గర్నుంచీ వింటూ ఊపిరి బిగబట్టుకుందట. కొడుకు మంచం దగ్గర కూర్చుంటే, ముడి ఉంది కాబట్టి చిన్నపా కూర్చున్నాడు. యాగప్ప రెండు చేతుల్తో అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆ వెంట చిన్నప చెయ్యీ వెళ్లింది.

ఆమె చిన్నప వాళ్ల పత్తిచేలల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. దారిలో ఈ పిల్లాడు ఎదురైతే పక్కకి తప్పుకునేది. వాడు పేరు పెట్టి పిలిచేవాడు. ఇప్పుడు ఆమె కళ్లు కొడుకు మొహం మీద నిలిచి, అక్కణ్ణించి చేతుల మీదికి, ముడి మీదికి, చిన్నప మొహం మీదికి వచ్చాయి. ఆమెకి భయం వేసింది, ఆ స్థితిలో కూడా.

"ఇప్పేయండయ్యా," అంది. మాట ఊపిరంత సన్నగా ఉంది. "ఎవురన్నా చూత్తారు."

చిన్నపకి కళ్లు మసకబారాయి.

"అందరూ చూశారమ్మా," అన్నాడు.

ఆమె వాడి వంక అట్లాగే చూసింది. స్వామి భరిణ మూత తీశాడు. ఆమె చంటిపిల్లలా నోరు తెరిచింది.

దీపాలు పెట్టేవేళకి వెళ్లిపోయింది. ఆడవాళ్ల ఏడుపులు మొదలయ్యాయి. యాగప్ప మంచంకోడుకి తల ఆనించి ఉండిపోయాడు. ముడి తడికి బిగుసుకుపోయి, వేళ్లతో ఎంత లాగినా రాలేదు. చిన్నప కత్తి తీసి స్వామికిచ్చాడు. స్వామి దాన్ని కోశాడు. ఇద్దరి మణికట్ల మీదా ఒకేలాంటి ఎర్రటి చార పడి ఉంది.

గురుశిష్యులు ఇద్దరూ గుడిసె బయటికి వచ్చారు. భరిణ ఖాళీ అయింది.

"ఇక మాట్లాడొచ్చు," అన్నాడు స్వామి. "మధ్యాహ్నం ఏదో అడిగావు. దారిలోనూ అడగబోయావు. అడుగు."

చిన్నప వాగు వైపు తిరిగాడు. చీకట్లో వాగు చప్పుడు వినబడుతోంది, ఇందాకటి కంటే తగ్గింది.

"రేపు పొద్దున మీరు వెళ్లిపోండి సామీ. స్వాగతం ఇంకెవరితోనైనా చదివించండి. నేను ఇక్కడుంటాను. పాడె మొయ్యాలి."

స్వామి వాడిని పైనుంచి కింది దాకా చూశాడు.

"ఆ అంగీతోనా?"

"ఇప్పుడిది కాళ్లకి అడ్డం రాదు సామీ," అన్నాడు చిన్నప.